శంకువు నత్తకు ఇంటిపేరు

పోయిన ఆదివారం పొద్దున మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. మా అన్న కొడుకు భార్యాపిల్లలను తీసుకుని అండమాన్ పోయాడు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, అరచేతిలో ఒక నత్తను పెట్టుకుని నవ్వుతున్నాడు. కుల్ఫీ మూసలా ఒకవైపు వెడల్పుగా, ఒకవైపు కోసుగా ఉందది. కోసు వైపు నుంచి సన్నటి గొట్టం ఒకటి బయటికి వచ్చి, అతని బొటనవేలును వాసన చూస్తున్నట్టు అటూ ఇటూ కదులుతున్నది. కింద మా బంధువులంతా చప్పట్ల బొమ్మలు, గుండె బొమ్మలు పెట్టారు. నేను చాయ్ కప్పు పక్కన పెట్టి ఫోన్ చేశాను. ఎత్తగానే, "ముందుగాల దాన్ని కింద పడెయ్యిరా" అన్నాను. వీడియో నిన్నటిదనీ, నత్తను అప్పుడే నీళ్లలో వదిలేశామనీ, గవ్వను చూసి ఇంత గాబరా ఎందుకనీ అతను నవ్వాడు. అది గవ్వ కాదన్నాను. "మరేంది చిన్నాయనా?" అని మామూలుగానే అడిగాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర నాలుగు జవాబులున్నాయి. ఒక్కోటి ఒక్కో కాలంలో సరైనదే. నాలుగూ నా ప్రెస్సులో నేను అచ్చుకు సిద్ధం చేసినవే. ఏది చెప్పాలో తోచక, "గసోంటిది కుడితె మనిషి పోతడు, గంత వరకు తెలిస్తె సాలు" అని పెట్టేశాను. ఎవరి మీదనో తెలియని కోపంతో కాసేపు అరుగు మీద కూర్చున్నాను. లోపలి నుంచి మా ఆవిడ, "ఏంది, మీ బావ పూనిండా?" అంది.

మా బావ అంటే మా అక్క భర్త. బాల్కొండ దగ్గర పసుపు పండించే ఇంట్లో పుట్టాడు. బోధన్‌లో డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి అక్కడే రిటైరయ్యాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎవరి మీదా గొంతు పెంచేవాడు కాదు గానీ, పట్టుకున్నదాన్ని వదిలేవాడూ కాదు. ఆయన పట్టుకున్నది సముద్రంలో వేటాడి బతికే నత్తలను. ఇది విన్న ప్రతివాళ్లూ, నిజామాబాదు మనిషికి సముద్రపు నత్తలతో ఏం పని అని అడిగేవాళ్లు. నేనూ అడిగాను, చాలా ఏళ్లు. మాకు తెలిసిన పెద్ద నీళ్లంటే శ్రీరాంసాగర్ నీళ్లే. మా వైపు నత్త అంటే నాట్లప్పుడు బురదలో కాలికింద పటుక్కుమనే గుల్ల. పిల్లలు ఏరి బాతులకు వేసేవాళ్లు. అటువంటి ఊరి నుంచి పోయిన మనిషిని, ఎమ్మెస్సీ చదివేటప్పుడు, తోటి విద్యార్థులతో పాటు తమిళనాడు చివరి ఒడ్డుకు తీసుకెళ్లారట. అక్కడ ఒక గాజు తొట్టిలో, ఇసుకలో ఒళ్లంతా దాచుకుని గొట్టం మాత్రం బయటపెట్టిన నత్త ఒకటి, పక్కన నిద్రపోతున్న చేపను అట్లా తాకిందట. తాకగానే చేప కట్టెలా బిగిసిపోయింది. నత్త నోరు గోనెసంచి మూతిలా సాగి, చేపను తల నుంచి తోక దాకా లోపలికి లాక్కుంది. మా అక్కను చూడటానికి వచ్చినప్పుడు, మా బాపు మర్యాదకు చదువు సంగతి అడిగితే, ఈయన ఈ కథంతా చేతులతో చేసి చూపించాడు. "నత్త సేపను మింగుడు మీరెప్పుడన్న సూసిండ్రా మామా?" అని అడిగాడు. మా బాపు చూడలేదని ఒప్పుకున్నాడు. అక్క తలుపు వెనక నిలబడి నవ్వింది. సంబంధం కుదిరింది.

పెళ్లయిన కొత్తలో పండగకు వచ్చి మా అవ్వతో కూడా పేచీ తెచ్చుకున్నాడు. మా అమ్మను మేము అవ్వ అనేవాళ్లం. అవ్వ రోజూ పూజలో శంఖంతో తీర్థం పోసేది. బావ దాన్ని చూసి, ఈ శంఖం కట్టుకున్న జీవి కూడా వేటకత్తెనే అత్తా, సముద్రం అడుగున పురుగులను పట్టి తింటుంది అని, పొగుడుతున్నట్టే చెప్పాడు. అవ్వ శంఖాన్ని పళ్లెంలో పెట్టి, "గా మాట దేవుని ముందట అనకు" అంది. ఆ పండగంతా అల్లుడితో ముభావంగానే ఉంది. వాళ్లు బోధన్ వెళ్లిపోయిన తర్వాత నన్ను పిలిచి, అవి మట్టి పురుగులా, నీళ్ల పురుగులా కనుక్కోమంది. నీళ్లవేనట అని చెప్పాను. ఉప్పు నీళ్లలో పుట్టి ఉప్పు నీళ్లలో చచ్చిన పురుగుకు మైల ఉండదని తనకు తానే తీర్మానించుకుని, మళ్లీ శంఖం బయటికి తీసింది. మా ఇంట్లో జరిగిన మొదటి వర్గీకరణ అది. ఆ ఒక్కటే ఇప్పటి వరకూ మారలేదు.

నాకు నిజామాబాద్‌లో గంజ్ వెనక గల్లీలో ప్రెస్సు ఉండేది. పెండ్లి పత్రికలు, పసుపు వ్యాపారుల బిల్లు పుస్తకాలు, బడుల ప్రోగ్రెస్ కార్డులు కొట్టేవాళ్లం. ఇప్పుడు నా బిడ్డ ఫ్లెక్సీలు కొడుతున్నది. ఒక ఎండాకాలం బావ సంచి నిండా కాగితాలతో బోధన్ బస్సు దిగి వచ్చాడు. తన క్లాసులో కూర్చునే పిల్లలు ఎడపల్లి, రెంజల్ వైపు చెరుకు, వరి ఇండ్ల నుంచి వచ్చేవాళ్లు. తెలుగు మీడియం. వాళ్లకు ఈ నత్తల గురించి తెలుగులో ఒక్క పుస్తకం లేదు. ఉన్న నోట్సులో ముక్కు పట్టుకుని మింగాల్సిన పేర్లే తప్ప జీవి కనబడదు. అందుకని తనే రాశాడు. నేను అచ్చు వెయ్యాలి. బావ మాట, పైగా అక్క కూడా ఫోన్ చేసి చెప్పింది. సరేనన్నాను. ఆరోజు ఆయన చాయ్ తాగుతూ చెప్పిన సంగతి నాకు బాగా నచ్చింది. శాస్త్రంలో ప్రతి జీవికీ రెండు మాటల పేరు ఉంటుందట. ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు. ఇంగ్లీషువాళ్లు తమ పేర్లు తిరగేసి రాసుకుంటారు గానీ, నత్తల దగ్గరికి వచ్చేసరికి మన పద్ధతికే వచ్చారు అని మురిసిపోయాడు. చేపను మింగిన ఆ నత్త ఇంటిపేరు కోనస్. కోన్ అంటే శంకువు, లెక్కల్లో చదువుకుంటామే, అది. కాబట్టి దాన్ని శంకువు నత్త అన్నాడు. వందల రకాల శంకువు నత్తలన్నిటిదీ ఒకటే ఇంటిపేరు. పెద్ద ఉమ్మడి కుటుంబం. వినడానికి ఎంత సుఖంగా ఉందో.

మొదటి కష్టం ఆ శంకువుతోనే వచ్చింది. మా దగ్గర టైపు చేసే అమ్మాయి మహారాష్ట్ర సరిహద్దు అవతలి నుంచి వచ్చి ఇక్కడి పిల్లవాడిని చేసుకుంది. పెండ్లి పత్రికలు కొట్టీ కొట్టీ తెలుగు నేర్చుకుంది. మహా చురుకు. కానీ ఆమె దృష్టిలో శంకువు అనేది అచ్చు తప్పు, శంఖం అనేది సరైన మాట. పుస్తకం మొత్తం శ్రద్ధగా దిద్దిపెట్టింది. శంఖం పురుగులను తింటుంది, శంఖం చేపను పొడుస్తుంది, శంఖం విషం మనిషిని చంపుతుంది అని ప్రూఫు వచ్చింది. మా అవ్వ అప్పటికే లేదు గనుక సరిపోయింది. బావ ఎర్ర పెన్నుతో ఒక్కొక్క ఒత్తూ కొట్టేసుకుంటూ ఒక వారం మా ప్రెస్సులోనే కూర్చున్నాడు. శంకువు వేరు, శంఖం వేరు, రెండూ వేటగాళ్లే గానీ ఇండ్లు వేరు అని ఆ అమ్మాయికి బొమ్మలు గీసి చెప్పాడు. ఆమె విని, "దోనో గోగల్‌గాయ్‌చ్ నా సర్?" అంది. రెండూ నత్తలే కదా అని. ఆ మాటకు బావ దగ్గర ఓపిక ఉంది. నా దగ్గర లేదు.

అంతా అయి, బటర్ పేపర్ మీద పేజీలు తీసి, అచ్చు ప్లేట్లు చేయించడానికి పంపించాలనుకున్న పొద్దున బావ నుంచి ఫోన్. ఆపమన్నాడు. ఆ సాయంత్రం తనే వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. శంకువు నత్తల ఉమ్మడి కుటుంబం విడిపోయింది. ఎక్కడో పండితులు వాటి నోట్లోని పండ్లు, పైన గుల్లలు పరిశీలించి, ఇవన్నీ ఒకే ఇంటివి కావని తేల్చి, పదుల కొద్దీ కొత్త ఇంటిపేర్లు పెట్టారట. మన పుస్తకంలో ఉన్న పేర్లు పాతబడినట్టే. పిల్లలకు పాతది ఎట్లా నేర్పిస్తాం అన్నాడు. మళ్లీ టైపు చేయించాను. కొత్త పేర్లు తెలుగులో రాస్తే ఒక్కోటి సగం లైను తినేది. పేజీలన్నీ జరిగిపోయాయి. సూచిక మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఆ పని ముగిసేసరికి ఏడాది తిరిగింది. పెండ్లిళ్ల సీజన్లలో ఈ పని పక్కన పెట్టేవాళ్లం మరి. ఇంతలో ఇంకో గుంపు, టర్రిడ్లు అని సన్నటి గోపురాల్లాంటి నత్తలు, వాటిది మొదలైంది. ఏ ఇంట్లో పెట్టాలో తెలియని వేటనత్తలన్నిటినీ ఎన్నో ఏళ్లుగా ఆ పేరు కింద మూట కట్టారట. ఇప్పుడు మూట విప్పి కొత్త కుటుంబాలు కట్టారు. అధ్యాయం మొత్తం పోయింది. "వీళ్లకు వేరే పని లేదా బావా?" అని అడిగాను. "తప్పు తెలిస్తె దిద్దుకుంటరు. గదే సైన్సంటె" అన్నాడు. "అయితె పూరాగ తెలిసినంకనే చెప్పమను" అన్నాను. ఆయన నవ్వలేదు. నాకంటే ఎక్కువ అలసిపోయి ఉన్నాడని నాకు అప్పుడు కనిపించింది. పొద్దంతా కాలేజీ, సాయంత్రం ఇంటర్నెట్ సెంటరు, ఆదివారం నా ప్రెస్సు. కండ్ల కింద నల్లబడింది. అక్క ఒకసారి నాతో, సవతి ఉన్నా ఇంతకంటే ఎక్కువ సేపు ఇంట్లో ఉండేవాడేమో అంది.

బోధన్‌లో షుగర్ ఫ్యాక్టరీ మూతపడిన రోజులు అవి. అంతకుముందు క్రషింగ్ సీజన్‌లో ఆ ఊరు దిగితే చాలు, గాలిలో పాకం మాడిన తీపి వాసన గొంతులోకి వచ్చేది. రోడ్డు పొడుగునా చెరుకు బండ్లు, టైర్ల కింద నలిగిన గడలు. అవన్నీ పోయి ఊరు ఉత్తగా కనిపించేది. బావ క్లాసులో కూడా పిల్లలు తగ్గుతున్నారు. ఉన్నవాళ్లు ఇంగ్లీషు మీడియం వైపు జరుగుతున్నారు. తెలుగులో చదివేవాళ్లు ఉండగానే పుస్తకం రావాలని ఆయనకు తొందర పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఇంకో వార్త మోసుకొచ్చాడు. ఈసారి గల్లీ మలుపులోనే ఆగి, లోపలికి రావడానికి మొహమాటపడ్డాడు. శంకువు నత్తల రక్తసంబంధం డీఎన్‌ఏ చూసి మళ్లీ తేల్చారట. అన్ని ఇండ్లు అవసరం లేదట. చాలామటుకు మళ్లీ పాత ఇంటిపేరు కిందికే తెచ్చారు. అంటే, మేము మొదట టైపు చేసిన పుస్తకమే దాదాపు సరైనది. ఆ ఫైళ్లున్న పాత కంప్యూటర్‌ను అప్పటికే పాత సామానువాడికి ఇచ్చేశాం. షట్టర్ సగం దించి, ఇద్దరం గంజ్ దాకా నడిచి, మిర్చీ బజ్జీ తిని తిరిగి వచ్చాం. మా టైపు అమ్మాయి మాత్రం, పాత పేరే మళ్లీ వచ్చిందని విని నిజంగా సంతోషించింది. ఆ పేరు చిన్నది.

మూడోసారి పేజీలు తయారయ్యాక ఫొటోలు తీసే పని మిగిలింది. ఫైనలియర్ పిల్లలను తీసుకుని బావ, తను మొదట చూసిన ఆ ఒడ్డుకే టూరు పెట్టాడు. రామేశ్వరం దర్శనం కూడా ఉంటుందనేసరికి తల్లిదండ్రులు ఆనందంగా ఒప్పుకున్నారు. కెమెరా పట్టుకుని నేనూ బయల్దేరాను. రైళ్లు మారి మారి, ఉప్పుగాలి తగలగానే ఆయన మనిషే మారిపోయాడు. నీళ్లు వెనక్కి తగ్గిన పొద్దున, ప్యాంటు మడిచి, గుంటల మీద వంగి, పిల్లలను పిలిచి పిలిచి చూపించాడు. ఆలిచిప్పకు చక్కగా మరబెట్టి తొలిచినట్టున్న గుండ్రటి రంధ్రం చూపించి, ఇది చందమామ నత్త పని, చిప్పను ఒడిలో కప్పుకుని తొలుస్తుంది అన్నాడు. ముళ్ల నత్త, శిరస్త్రాణం నత్త, ఒక్కోటి ఎట్లా చంపుతుందో చెప్పాడు. అరచేతి మీద వేలితో అభినయించి చూపించాడు. బోధన్ పిల్లలు ఉప్పునీళ్లలో తడిసి, మొదటిసారి నోట్సు రాసుకోకుండా విన్నారు. అంత బాగా పాఠం చెప్పడం నేను ఇంకెక్కడా వినలేదు.

ఎడపల్లి అమ్మాయి ఒకతె కొంచెం దూరంలో బండ సందు నుంచి ఏదో తీసి, పిడికిట్లో పట్టుకుని, సార్ ఇదేంటి అని వచ్చింది. కోసు వైపు ఆమె మణికట్టు మీదికి ఉంది. బావ అరవలేదు. రెండు అంగల్లో పోయి ఆమె చేతిలోంచి లాగేసుకున్నాడు. లాక్కున్న మరుక్షణం ఆయన చెయ్యి జాడించాడు. చూపుడువేలు పక్కన ఎర్రటి చుక్క. ఆయన బండ మీద కూర్చుని, రెండో చేత్తో ఆ నత్తను వెడల్పు వైపు పట్టుకుని చూశాడు. ఫొటోల్లో రంగులతో, గీతలతో మెరిసే గుల్ల కాదది. బతికున్న శంకువు నత్త మీద ముతక గుడ్డలాంటి గోధుమరంగు పొర ఉంటుంది. కింద ఏ గీతలున్నాయో కనిపించదు. ఆయన గోరుతో ఆ పొర గీకుతున్నాడు. పిల్లలు చుట్టూ చేరారు. ఆ అమ్మాయి ఏడుస్తున్నది. "ఏం గాదు బిడ్డా. ఇది పురుగులు తినే రకం. సేపలు తినేదైతెనే భయం" అని ఆమెతో నెమ్మదిగా చెప్పాడు. నాతో మాత్రం, కండ్లెత్తకుండా, "జల్ది ఆటో సూడు" అన్నాడు.

ఆస్పత్రికి పోయేసరికి మణికట్టు దాకా తిమ్మిరి. పెదవుల దగ్గర కూడా ఏదోలా ఉందన్నాడు. అక్కడి నర్సుకు తమిళం, మాకు తెలుగు. నేను చేతులతో నత్త ఆకారం చూపిస్తే ఆమె, "శంగు?" అంది. శంగు అంటే శంఖం. కాదు, కాదు, శంకువు అన్నాను. ఆమె తల ఊపి మళ్లీ శంగు అంది. ఇన్నేళ్లు ప్రూఫుల్లో కొట్టేసిన మాట దేశం ఆ చివర కూడా నన్ను పట్టుకుంది. డాక్టరు వచ్చి, ఏ జాతి కుట్టింది, పేరేమిటి అని ఇంగ్లీషులో అడిగాడు. మా బావ మంచం మీద పడుకుని, ఊపిరి కూడదీసుకుని, పాత పద్ధతిలో అయితే దీని పేరు ఇది, మధ్యలో ఇట్లా మార్చారు, ఇప్పుడు మళ్లీ, అని మొదలుపెట్టాడు. నా జీవితంలో ఆయన మీద అరిచింది అప్పుడు ఒక్కసారే. "విషం ఉన్నదా లేదా, గదొక్కటి చెప్పు బావా" అన్నాను. ఆయన ఒక క్షణం ఆగి, డాక్టరు వైపు చూసి, ఖాయంగా చెప్పలేను, చేపలు తినే రకం అనుకుని చూడండి అన్నాడు. డాక్టరు బుద్ధిమంతుడు. ఇంకేం అడగకుండా ఊపిరిని కనిపెట్టే పరికరాలు పెట్టించి, మర్నాటి దాకా పక్కనే ఉంచుకున్నాడు. విషం పైకి పాకలేదు. చెయ్యి వాచింది, తగ్గింది. చూపుడువేలికీ దాని పక్క వేలికీ మాత్రం సరైన స్పర్శ మళ్లీ రాలేదు. కాగితంలో ‘గుర్తుతెలియని సముద్ర జీవి’ అని రాసి పంపారు. గుర్తుతెలియని అన్న మాట చదివి బావ ఎంతో నొచ్చుకున్నాడు.

రైలు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నప్పుడు, పిల్లలు దూరంగా ఉన్నారు, నేనే అడిగాను. అమ్మాయితో అంత నిబ్బరంగా ఎట్లా చెప్పావని. ఆయన కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి తీసుకున్నాడు. "అబద్ధం జెప్పిన. ఆ పోరి భయంతోనే పడిపోతుండె. నాకు గా బండ మీద అదేందో తెల్వలె. ముప్పై ఏండ్ల కాంచి సదువుతున్న, తెల్వలె. దాని ఇంటిపేరు ఒకటేనా పదులా అని నాకు గప్పుడు యాదికే రాలె. అది ఏం తింటది, గదొక్కటే కావాలనిపిచ్చింది" అన్నాడు. తర్వాత, ఈ సంగతి అక్కకు చెప్పొద్దన్నాడు. నేను చెప్పలేదు. ఆయనే చెప్పుకున్నాడట, ఇంటికి పోయిన వారానికే.

తిరిగి వచ్చాక పుస్తకాన్ని ఆయన మళ్లీ విప్పాడు. ఈసారి ఎవరో మార్చారని కాదు, తనకు తానే. ఇంటిపేర్ల వరస తీసేసి, నత్తలను వాటి తిండిని బట్టి, వేటను బట్టి కూర్చాడు. పొడిచి చంపేవి, తొలిచి తినేవి, ఒళ్లుతో కప్పి ఊపిరాడకుండా చేసేవి, ఉమ్మి కరిగించి తినేవి. ఇంటిపేర్లు చివర ఒక పట్టికలో, పాతవి, కొత్తవి పక్కపక్కన. నాలుగోసారి టైపు చేయించాను. అమ్మాయి అప్పటికి శంకువు అన్న మాటను కండ్లు మూసుకుని కొట్టేది. ఇదే అన్నిటికంటే మంచి పుస్తకం అని నాకు చదువు లేకున్నా తెలిసింది. కాలేజీల్లో చదివించడానికి సిఫారసు కావాలని హైదరాబాదులో ఒక పెద్ద సారు దగ్గరికి పట్టుకుపోయాం. ఆయన పేజీలు తిప్పి, భాష బాగుంది గానీ ఈ వరస శాస్త్రం కాదు అన్నాడు. వర్గీకరణ వంశాన్ని బట్టి ఉంటుంది, తిండిని బట్టి కాదు, కుటుంబాల వారీగా మార్చి తెమ్మన్నాడు. ఏ కుటుంబాలు, మొదటివా, మధ్యలోవా, ఇప్పటివా అని నేను అడగబోతే బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు. బయటికి వచ్చాక నేను గల్లీ వినేలా తిట్టాను. బావ తిట్టలేదు. "ఆయన చెప్పింది తప్పు గాదు. వంశం తెలుసుకునేటోళ్లకు గట్లనే ఉండాలె. నేను రాసింది చేతిల పట్టుకునేటోళ్లకు" అన్నాడు. తప్పు ఎవరిదీ కాకపోతే మరి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో చెప్పమన్నాను. ఆయన బస్సులో డిచ్‌పల్లి దాటే దాకా పేజీలు ఒళ్లో పెట్టుకుని అచ్చుతప్పులు దిద్దుతూ కూర్చున్నాడు.

సిఫారసు లేకుండానే అచ్చు వేశాం. పుస్తకం వచ్చేసరికి తెలుగు మీడియంలో ఆ సబ్జెక్టు తీసుకునేవాళ్లు లేనట్టే అయ్యారు. కాలేజీలు కొనలేదు. రిటైరయ్యాక బావ సంచిలో పుస్తకాలు వేసుకుని, బాల్కొండ వైపు, ఎడపల్లి వైపు బడులకు తనే తిరిగి పంచాడు. పిల్లలు, సార్ ఇవి మా పొలంలో ఉంటాయా అని అడిగేవాళ్లట. ఉండవు బిడ్డా, మీ పొలంలోవి పాచి తినేవి, సాధువులు అని చెప్పేవాడట. అక్కడ ఆయన్ని ఎవరూ వర్గీకరణ అడగలేదు. అదీ ఆయనకు కొరతే. ఇంటికి వచ్చి, ఒక్కడన్నా ఇంటిపేరు అడగలేదే అని అక్కతో అనేవాడట. ఇంకోపక్క, చివరి పట్టికలో పేర్లు మళ్లీ మారాయని నాకు ఫోన్లు ఆపలేదు. రెండో ముద్రణ వేద్దాం అనేవాడు. మొదటిదే అమ్ముడుపోలేదని నేను గుర్తు చేసేవాణ్ని. అప్పుడు ఇద్దరం వానల సంగతి మాట్లాడుకునేవాళ్లం.

పోయిన వానాకాలంలో జ్వరం అని ఆస్పత్రిలో చేరి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, బావ పోయాడు. బోధన్ ఊరు ఊరంతా వచ్చింది. ఆయన దగ్గర చదివినవాళ్లు టీచర్లు, పోలీసులు, ఎరువుల షాపులవాళ్లు, అందరూ వచ్చారు. ఆ ఎడపల్లి అమ్మాయి ఇద్దరు పిల్లలతో వచ్చి, అక్క పక్కన పొద్దంతా కూర్చుంది. మర్నాడు పేపరులో జిల్లా పేజీలో ఫొటోతో వార్త వేశారు. విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు కన్నుమూత అని. నేను ఆ లైను మళ్లీ మళ్లీ చదివాను. రాసినతను నాకు తెలిసినవాడే. ఫోన్ చేసి, వృక్షశాస్త్రం కాదు, జంతుశాస్త్రం అన్నాను. "చెట్లయినా పురుగులయినా ఏమున్నదన్నా, సారు మంచోడని రాసిన గద" అన్నాడు పాపం, నన్ను ఓదారుస్తున్నట్టు. దిద్దుతానన్నాడు. దిద్దలేదు. మళ్లీ ఫోన్ చేశాను. కొన్నాళ్లకు ఎత్తడమే మానేశాడు. చిన్న చిన్న అక్షరాల్లో ఒక్క లైను సవరణ. నా ప్రెస్సులో అయితే అరనిమిషం పని. అక్క, "ఇడిసిపెట్టు తమ్మీ. సదివిన పేపరు ఎవరన్న దాసిపెట్టుకుంటరా" అంది. విడిచిపెట్టడం నా వల్ల కాలేదు. ఇప్పటికీ కాలేదు.

మనిషి అనేవాడు లేని కాలం నుంచీ ఆ నత్తలు సముద్రంలో వేటాడుతూనే ఉన్నాయట. వాటిని సరిగా ఏమని పిలవాలో తేల్చుకోవడానికి మా బావకు దొరికింది మాత్రం ఒక్క ఉద్యోగం చేసినంత కాలం. అది దేనికి సరిపోతుంది?